తేలికపడ్డ స్టీరింగ్

అది కాదండీ సెక్రటరీ గారూ, నా బండికున్న క్లబ్బు బిళ్ల తీసుకుపోవడానికి మీరే రావాలా? ఒక్క ఫోను చేస్తే నేనే ఊడదీసి పంపేదాన్ని కదా. సరే, వచ్చారు. స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి, నూనె వేశాను, కాస్త నానాలి. ఆ స్టూలు లాక్కుని కూర్చోండి.

నా బండి ఒరిజినల్ కాదట. పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో పవర్ స్టీరింగ్ పెట్టించిన బండి ఉండకూడదట. ఎవరండీ ఆ రూలు రాసింది? మీరే. నేను రాని మీటింగు చూసుకుని మరీ రాశారు.

ఒరిజినల్ అంటే గుర్తొచ్చింది. మీ పైవరస పళ్లు ఒరిజినలా? నేనే కదా చేసిచ్చింది, మీకు కుదరలేదంటే మళ్లీ అరగదీసి. మరి మిమ్మల్ని ఎవరూ క్లబ్బులోంచి తీసెయ్యలేదే. నవ్వండి, పర్లేదు. ఊడవు.

ఆ పళ్లసెట్లే నా మణికట్లు తినేశాయి. ముప్పై ఏళ్లు ఆ గిర్రున తిరిగే మిషను పట్టుకుని అరగదీస్తే ఏమవుతాయి మరి? పాల ప్యాకెట్టు కత్తిరించాలన్నా చేతులు మొరాయిస్తున్నాయి. ఇక ఈ బండి సంగతి మీకు తెలియనిదా? పరుగందుకుంటే వెన్నపూసే. ఆగినచోట స్టీరింగ్ తిప్పాలంటే మాత్రం తిరగలి తిప్పినట్టే.

అక్క ఉన్నప్పుడు ఆ బాధ తెలియలేదు. ఇద్దరం కలిసి కొన్న బండి. అక్కకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోనూ లేదు. పక్కసీట్లో కూర్చుని, మ్యాపు చూస్తూ నన్ను తిట్టడం దాని పని. పార్కింగ్ దగ్గర మాత్రం ఓ చెయ్యి వేసేది. నావి రెండు, దానిది ఒకటి. మూడు చేతులతో తిప్పేవాళ్లం.

అది పోయాక ఆ మూడో చెయ్యి లేదు కదా. అందుకే పెట్టించాను.

మెకానిక్ ముందు ఒప్పుకోలేదు. ఇలాంటి బండిని కెలికితే పాపం తగులుతుందన్నాడు. తర్వాత నా వేళ్లు చూసి పనిలోకి దిగాడు. తుక్కుకి పోయిన చిన్న కారులోంచి స్టీరింగ్ మోటారు పట్టుకొచ్చి, డాష్‌బోర్డు కింద కనపడకుండా బిగించాడు. క్లచ్ మెత్తబరిచాడు. నా సీటు నాలుగు వేళ్ల ఎత్తు లేపాడు, దిగేటప్పుడు పట్టుకోవడానికి తలుపుకి తోలు పట్టీ కుట్టించాడు. పక్క సీటు ఏం చెయ్యమంటారని అడిగాడు. దాన్ని ముట్టుకోవద్దన్నాను.

బండి మీద మోజుతో చేయించానని మీరంతా అనుకుంటున్నారు. బండిదేముందండీ. ఆదివారం కోసం చేయించుకున్నాను. ఆ పొద్దున్న క్లబ్బు కార్లన్నీ కలిసి బయల్దేరతాయి చూడండి, వారం మొత్తం మీద నాతో మనుషులు మాట్లాడేది ఆ ఒక్క పూటే. మిగతా రోజులు టీవీలో వార్తలు చదివే అమ్మాయికి జవాబులు చెబుతుంటాను.

ఇదిగో, వచ్చేసింది. తీసుకోండి. దీని కింద చూశారా, కొన్ననాటి రంగు అలాగే ఉంది.

లేవకండి, ఇంకో మాట ఉంది. పోయిన ఆదివారం నేనూ వచ్చాను. మీ వెనకే.

మీరెలా చూస్తారు, రెండు మలుపులు ఎడంగా వచ్చాను. కొండమీద టీ కొట్టు దాకా. మీ కార్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి, చివర ఇంకో బండికి చోటుంది. మీ ఆవిడ అందరికీ గ్లాసులు అందిస్తోంది. వెళ్లి కూర్చుంటే గెంటేస్తారా? గెంటెయ్యరు. జరిగి చోటిస్తారు. మీరంతా అలా జరగడం చూడలేననిపించింది.

వెనక్కి తిప్పేశాను. ఒంటిచేత్తో, ఒక్క ఊపులో తిరిగిపోయింది. మెకానిక్ పనితనం అలాంటిది మరి.

మునుపటిలా బరువుగా ఉండుంటే, ఆ ఇరుకు రోడ్డులో ముందుకీ వెనక్కీ నానా తంటాలు పడేదాన్ని. కాసేపు పట్టేది. ఈలోగా మీలో ఎవరో ఒకరు తలెత్తి చూసేవాళ్లు.