పద్నాలుగో గొట్టం

హలో… ఆ, నేనేనండీ, కిరణ్మయిని. ఢిల్లీ నుంచి. మీ జీడిమామిడి ఆకులు పరీక్షకి పట్టుకొచ్చిన అమ్మాయిని… చిట్టిబాబు గారేగా?

…ల్యాబ్ నుంచి కాదండీ. వసంత్ కుంజ్‌లో ఎస్టీడీ బూత్. అక్కడైతే అందరూ వింటారని…

…మీ ఉత్తరం అందింది. పాత రకం కాదని నా రిపోర్టులో చూశాక ఇంకెందుకని చెట్టు కొట్టించేస్తున్నానని రాశారు. కొట్టేశారా?

…హమ్మయ్య. …మీ అమ్మగారు చెట్టు కింద మంచం వేసుకున్నారా. మూడు రోజుల నుంచా…

కొట్టించకండి. నా రిపోర్టు తప్పు.

…మిషను కాదండీ. నేనే.

…చెప్తాను. మీ పొట్లం విప్పేసరికి ఆకులన్నీ నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి. మూడుసార్లు ప్రయత్నించాను, వాటిలోంచి డీఎన్ఏ రాలేదు. మర్నాటికి ముప్పై రకాల ఫలితాలూ ఉండాలన్నారు మా గైడ్ సార్. పాడయ్యాయని చెప్పడానికి నోరు రాలేదు. పోల్చి చూడ్డానికి తెచ్చిన నర్సరీ అంటు ఆకునే రెండు గొట్టాల్లో వేసి… ఒకదాని మీద మీ చెట్టు నంబరు రాశాను. పద్నాలుగు.

…అవునండీ. అందుకే రెండిటి డీఎన్ఏ గీతలూ అచ్చం ఒకలాగే వచ్చాయి. మీదీ నర్సరీ మొక్కేనని రాసేశాను.



…తిట్టండి. పడతాను.

…ఎవర్నన్నారు? అమ్మగార్నా… పుట్టింటి నుంచి గింజ తెచ్చి నాటానన్నది బొంకని… నా కాగితం చూపించి, నలుగురిలో అనేశారా…

…సిగ్గుతో చచ్చిపోతున్నానండీ. అంతకంటే ఏం చెప్పను.

భయ్యా, దో మినట్. బస్, దో మినట్. …బూత్ అబ్బాయి తొందరపెడుతున్నాడండీ, రెండు నిమిషాలాగమన్నాను.

…సార్‌కి పొద్దున్నే చెప్పాను. నా మొహం కూడా చూడలేదు. థీసిస్ ఆగిపోయింది, ఆగనీండి. నేనే వచ్చి ఆకులు నా చేత్తో కోసుకుంటాను. …ఏం తేలుతుందో చెప్పలేనండీ. ఏది తేలితే అదే రాస్తాను. కానీ ఆవిడ అబద్ధమాడారనడానికి నా దగ్గర రుజువేం లేదు. ఎప్పుడూ లేదు.

…ఆవిడకి మీరే చెప్పండి… మీతో మాట్లాడటం మానేశారా.

…సరే. ఫోన్ ఆవిడకే ఇవ్వండి.

…మాణిక్యాంబ గారూ, నేను కిరణ్మయినండీ. అబద్ధం ఆడింది మీరు కాదు, నేను. మీరిచ్చిన ఆకులు పాడైపోతే…

…ఆ, నల్లబడ్డాయి.

…తడిగుడ్డ చుట్టింది మీరేనా. దారిలో వాడిపోతాయని…

…లేదమ్మా, అలా అనుకోకండి. తప్పు గుడ్డది కాదు. మీది అసలే కాదు.

…ఏమీ అనుకోవద్దని నాతో అంటున్నారేంటి. మీరు నాకు క్షమాపణ చెప్పకండమ్మా…

…లైను తెగిపోతోంది, వినపడుతోందా? …హలో…