సోమవారం గది

1974 ఆగస్టు 19, సోమవారం. ఆనాటి ఉదయం పదిన్నరకు, హెడ్ గుమాస్తా హనుమంతరాయుడు గారి సమక్షంలో, అటెండరు నాగప్ప అందించిన కలంతో, ధర్మవరం చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ ఈశ్వరప్ప గారు మా సంక్షేమ కార్యాలయపు హాజరుపట్టీలో తొలి సంతకం చేశారు. ముప్పై నాలుగేళ్ళ సేవానంతరం ఈ జూలై 31న సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనున్న వారిని గూర్చి నాలుగు మాటలు రాసే అవకాశం నాకు లభించడం భాగ్యం.

గుత్తిలోనూ, కదిరిలోనూ కరువు సహాయక విధులు నిర్వర్తించి, 1998లో వారు జిల్లా కేంద్రానికి తిరిగివచ్చి వికలాంగుల విభాగం బాధ్యతలు స్వీకరించారు. మరుసటి ఏడే చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. అయితే చట్టంలో చేరిన ఆ పేరు మా దరఖాస్తు ఫారంలోకి చేరలేదు. ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు నేర్పే థెరపిస్టు జిల్లాలో ఒక్కరూ లేరు.

2001లో రాయదుర్గంలో ధ్రువపత్రాల శిబిరం పెట్టాము. షామియానా, పూలదండలు, మైకు, అన్నీ యథావిధిగా అమర్చాము. స్వాగతోపన్యాసానికి ఈశ్వరప్ప గారు మైకు అందుకోగానే అది కీచుమంది. జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేసే మారెక్క కూతురు, ఆరేళ్ళ జ్యోతిలక్ష్మి, చెవులు మూసుకొని రోడ్డు మీదికి పరుగెత్తింది. తల్లి పట్టి తెచ్చినా ఆ పిల్ల మళ్ళీ డాక్టరు ముందు కూర్చోలేదు. 'పరీక్షకు సహకరించలేదు' అన్న రాతతో దరఖాస్తు తిరిగివచ్చింది.

“మా పాప మొండిది కాదు సారూ, నీ మైకుకు బెదిరింది,” అన్నది మారెక్క. “బెంగుళూరుకు పొమ్మంటారు. బస్సుకు దుడ్లు యాడివి? ఈడ చూపిచ్చలేరా?”

“తప్పు నాదేమ్మా,” అన్నారు వారు. “ఈ తూరి మైకు ఉండదు.”

“మైకు లేకుంటే మీటింగని ఎవురు నమ్ముతారు సార్? ఎవురో పోయినారనుకుంటారు,” అన్నాడు నాగప్ప.

నమ్మినా నమ్మకపోయినా, తదుపరి శిబిరం బడి గదిలో, ఒక్కొక్క కుటుంబాన్నే పిలుస్తూ నిశ్శబ్దంగా జరిగింది. జ్యోతిలక్ష్మికి ధ్రువపత్రం వచ్చింది. ఫారంలో ఆటిజానికి గడి లేనందున అందులో బుద్ధిమాంద్యం అనే రాశారు. ఆ మాట వారిని చాలాకాలం బాధించింది.

అటుపై ఏడు నెలలు ఉత్తరాలు నడిపి, ప్రతి సోమవారం ఒక థెరపిస్టు వచ్చేలా మంజూరు సాధించారు. నిశ్శబ్దమైన గది కావలసివచ్చి, మందపాటి గోడలున్న మా రికార్డు గదిని ఎంచుకున్నారు. దానిని ఇవ్వరాదని నాలుగు పుటల అభ్యంతరం సమర్పించినవాణ్ణి, రికార్డుల బాధ్యుడినైన నేనే. వారు దానిని ఆసాంతం చదివి, “కట్టలు ఎండకు పాడవుతాయన్నది నిజమే సార్,” అని, ఒక్కొక్క కట్టనూ నాతోపాటు మోసి వరండాలో అల్మరాలకు చేర్చారు. ఆ గదిలోనే, థెరపీ మొదలైన మూడో ఏట, జ్యోతిలక్ష్మి తొలిసారి “నీళ్ళు” అని అడిగింది.

మంజూరు ఏడాదికొకసారి పొడిగించుకోవలసిందే. జూలై ముగిసేలోగా బాధ్యుని పేరుతో ప్రతిపాదన వెళ్ళకపోతే థెరపిస్టు రాక ఆగిపోతుంది. ఆరేళ్ళుగా బాధ్యుని గడిలో ఉన్నది ఈశ్వరప్ప గారి పేరే.

మొన్న సోమవారం మారెక్క నేరుగా అడిగింది: “నువ్వు పోతాండావంట. గదికి బీగమేస్తారా సారూ?”

వారు ఖాళీ గడి ఉన్న ప్రతిపాదనను మేజా మీద పెట్టారు. అభ్యంతరానికి నాలుగు పుటలు పట్టిన నాకు, ఆ గడిలో నా పేరు రాయడానికి ఒక్క పంక్తి చాలింది.

శ్రీ ఈశ్వరప్ప గారికి, వారి ధర్మపత్ని యశోదమ్మ గారికి ఆయురారోగ్యాలు సమృద్ధిగా కలగాలనీ, ఇకపై సోమవారాలు వారికి తీరికగా గడవాలనీ మా అందరి ఆకాంక్ష. 31న జరిగే సభకు జ్యోతిలక్ష్మి కూడా వస్తున్నది గనుక మైకు ఉండదు. దయచేసి ముందు వరుసల్లో కూర్చోగలరు.

మొన్నటి ఆ సోమవారం ప్రతిపాదన నకలు మీద కూడా ఈశ్వరప్ప గారూ నేనూ సంతకాలు చేశాము. మారెక్క దానిని అందుకొని, నాలుగు మడతలు పెట్టి, కూతురి ధ్రువపత్రం ఉన్న ప్లాస్టిక్ కవరులో భద్రపరుచుకున్నది.