సంబంధం వద్దన్నది నేనే

ఇంకో పిల్లని చూసుకుని మీ సంబంధం వద్దన్నానా! భలేవారే తిహారూ భయ్యా, నా మొహానికి ఇంకో పిల్ల కూడానా? అరవకండి, పక్కన మిల్లువాళ్లు వింటారు. కూర్చోండి. ఆ మంచమ్మీదే కూర్చోండి.

మీ చెల్లెలు ఖిలేశ్వరిలో వంకేం లేదు. సంబంధం వద్దని కబురు పంపింది నేనే. ఎందుకో మా అమ్మక్కూడా తెలీదు. ఇంత ఎండలో కురుద్ నుంచి బస్సెక్కి వచ్చారు కాబట్టి మీకు చెబుతున్నా.

నాకు సికిల్ జబ్బుందని ముందే చెప్పానుగా. రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోతాయి, చలికాలం వస్తే కీళ్లు పీకేస్తాయి... మీ తమ్ముడు బిసేసర్‌కీ అదేగా, మీకు తెలియందేముంది! కానీ అది అక్కడ కూడా పట్టుకుంటుందని తెలుసా? ఆఁ, అక్కడే. మగాడికి.

మంగ్నీ అయి తాంబూలాలు మార్చుకున్న తొమ్మిదో రోజు. తెల్లారి లేచేసరికి... ఎలా చెప్పను భయ్యా, గట్టిపడి ఉంది. మనసులో ఏ కోరికా లేదు, ఉత్త నొప్పి. దిగదే! అటూ ఇటూ నడిచా, నీళ్లు పోసుకున్నా. ఊహూఁ.

మిల్లులో ఝాడూరామ్‌కి చెప్పా. పడీపడీ నవ్వాడు. "పెళ్లికింకా నెలుందిరా డోమార్, ఇప్పట్నుంచే తయారా!" అని నలుగురినీ పిలిచాడు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి? బస్తా అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆ తర్వాత గదిలో తలుపేసుకుని పడున్నా. అన్నం ముట్టలేదు. మర్నాడు సాయంత్రం స్పృహ తప్పితే మేస్త్రీ ఆసుపత్రిలో పడేశాడు. సూది గుచ్చి నల్లటి రక్తం లాగారు. అది చాలక కోశారు కూడా.

"లోపలికొచ్చిన రక్తం బయటికి పోలేక ఇరుక్కుపోయిందయ్యా. మొదలైన నాలుగు గంటల్లోపు వచ్చుంటే సూదితోనే పోయేది" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు నొప్పి లేదు. ఇంకేమీ కూడా లేదు. లోపలి కండ చచ్చిపోయిందట. రాయ్‌పూర్‌లో ఏదో అమర్చే ఆపరేషన్ ఉందన్నాడు. ఏమో.

బిసేసర్‌కి చెప్పండి భయ్యా. ఎప్పుడైనా ఇలా అయితే సిగ్గుపడొద్దని, పరిగెత్తమని చెప్పండి.

అలా చూడకండి. ఎందుకు ఆలస్యం చేశావంటారా?

చేయలేదు. అదే ఎవరికీ చెప్పలేదు. మిల్లులో వాళ్లు నవ్వాక నేరుగా ఆసుపత్రికే వెళ్లా. అప్పటికి నొప్పి మొదలై మూడు గంటలు కూడా కాలేదు. చీటీ రాసే చోట ఒకావిడ కూర్చుంది, మా అమ్మ వయసుంటుంది. నా వెనక పదిమంది వరస. "ఏం బాధ బాబూ?" అంది.

కడుపునొప్పి అన్నాను.

తెల్ల మాత్రలు నాలుగిచ్చారు. తీసుకుని వచ్చేశాను.

ఖిలేశ్వరితో ఏం చెప్పాలంటారా? తాగుతాడని చెప్పండి. ఆ మాటకైతే ఎవరూ నవ్వరు.