మూడొంతుల పచ్చ

ఏందే హర్షిణీ, ఆఫీసు పని ఇంట్ల గూడ ముందటేసుకున్నవా? ఇటు తిప్పు జర. ఏ జాతి దేన్నుంచి పుట్టిందో చూపెట్టే బల్లుల చెట్టు కదా ఇది? ఆఁ, నాకెందుకు తెల్వది, నువ్వు పుట్టకముందే గీసిండు నీ తాత, గా హఫీజ్‌పేట కాలేజీ గోడ మీద. ఆగాగు, ఆ రెండు రంగుల గుండ్రాలన్నీ ఒక్కటే రంగు ఎందుకు చేస్తున్నవ్? మేనేజర్ చెప్పిండా? స్లైడు నీటుగ కనబడాల్నా? హైటెక్ సిటీల ఏడో అంతస్తు మీద కూసున్నా గదే మాట! కృపానందం సారు ఉంటే నీ ముందట నిలబడి దండం పెడుతుండె, వద్దమ్మా అని.

జువాలజీ సారు. ఆంధ్రా ఆయన, కూకట్‌పల్లి నుంచి స్కూటరు మీద వస్తుండె. సైన్‌బోర్డులు రాసుకునేటోన్ని, నన్ను గూడ "ఏవండీ పోచయ్యగారూ" అనేటోడు. గారు గారు అనుకుంటనే పానం తీసిండు. కాళ్ళున్న బల్లికి పచ్చ, కాళ్ళు పోయి పాములెక్క పాకేదానికి ఎరుపు. గంతవరకు మంచిగనే ఉంది. కొమ్మ పొడుగునా పచ్చ మెల్లమెల్లగ ఎరుపుల కలవాల్నంట! "ఒక్కరోజులో ఊడిపోవు కదండీ కాళ్ళు!" నాలుగుసార్లు తుడిపిచ్చిండు. ఎండల నిచ్చెన మీద నేను, కింద గొడుగు పట్టుకొని ఆయన. గొడుగంటే యాదికొచ్చింది, అది గూడ నాతోనే బాగు చేపిచ్చిండు, పెయింటర్‌కు గొడుగుతోని ఏం పనే? సరే, ఇగ కొమ్మ చీలినకాడల్లా ఒక గుండ్రం. అది రెండు జాతులకు తాత అన్నట్టు. దాన్ల మూడొంతులు పచ్చ, ఒక వంతు ఎరుపు వెయ్యమన్నడు. సార్, తాతకు కాళ్ళున్నయా లేవా, ఒక్క మాట చెప్పుర్రి అన్న. "ఎవరు చూశారండీ? ఉన్నాయని మూడొంతుల నమ్మకం. లేవేమోనని ఒక వంతు అనుమానం." అనుమానానికి రంగేస్తరా ఎవరన్న! పదకొండు గుండ్రాలు, ఒక్కోదానికి ఒక్కో తీరు.

ఆదివారం సారు చర్చికి పోయిండు. ప్రిన్సిపాల్ వచ్చి గోడ చూసి, "ఏందయ్యా ఇది, సగం సగం వదిలేసినవ్? రేపు పెద్దోళ్ళు చూడనీకొస్తున్నరు, నింపెయ్" అన్నడు. అర్ధగంటల నింపేసిన. అబద్ధమెందుకు, కసి తీరినట్టయింది నాకు. నీలెక్కనే, ఒక్కటే రంగు. శానా నీటుగ ఉండె.

సోమవారం సారు వచ్చిండు. తిడతడనుకున్న. తిట్టలే. పదకొండు గుండ్రాల కాడ ఆగాగి చూసుకుంటొచ్చిండు. "పిల్లలు ఇదే నిజమనుకుంటారండీ" అన్నడు, గంతే. గా నెలల్నే ఆయన రిటైరుమెంటు. వానకాలంల గుండె ఆగి పోయిండు. గోడ మాత్రం పన్నెండేండ్లుండె, పోరగాండ్లు నోటుబుక్కులల్ల దించుకున్నరు, నేనేసిన తాతలను. ఏందట్ల చూస్తవ్? నీ మేనేజర్‌కు చెప్పు, నాకు కాదు!

గా సోమవారమే, ఇంటికి పోయేముందు అడిగిండు నన్ను. "పోచయ్యగారూ, సన్న బ్రష్ ఉందాండీ? మీకెందుకు శ్రమ, నేనే దిద్దుకుంటాను." లేదు సార్, ఇంటికాడ మరిచిపోయిన అన్న. "ఫర్వాలేదు లెండి" అన్నడు.

జేబుల్నే ఉండె బిడ్డా.

...లే, లే. కింద హారన్ కొడుతున్నడు, నీ క్యాబే కావచ్చు.