కొర్రమీనుకు ఇంకా పదకొండు రోజులు

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ రామ్మోహనరావు సార్‌కి, ఆయన పక్కన దండ బరువు మోయలేక తీసి ఒళ్లో పెట్టుకున్న మా సీతామహాలక్ష్మి మేడమ్‌కి, ముందు వరసలో ఉన్న లెక్చరర్లకి, వెనక వరసలో సమోసాల పళ్లెం ఎటునుంచి వస్తుందా అని తలుపు వైపే చూస్తున్న స్టూడెంట్లకి, గోడకి ఆనుకుని నిలబడ్డ మా అటెండర్లందరికీ నమస్కారం, ఆదాబ్. (నవ్వులు)

నా పేరు మతీన్. జువాలజీ ల్యాబు అటెండర్ని. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ల పేర్ల వెనక ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు ఉన్నాయి. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి, నా పేరు వెనక ఎల్లారెడ్డిగూడ తప్ప ఏమీ లేదు. అయినా మైకు నా చేతికి ఎందుకొచ్చిందంటే, మతీన్ మాట్లాడితేనే ఈ సభకి వస్తానని మేడమ్ పట్టుబట్టారట. వచ్చాక నేనేం మాట్లాడతానో ఆవిడకీ తెలియదు. పాపం, ఇప్పుడు కొంచెం భయంగా చూస్తున్నారు.

నాకు ఐదు నిమిషాలిచ్చారు. అందులో ఒక మనవి ఉంది, దాన్ని ముందే చెప్పేస్తాను, చివర్లో చెబితే చప్పట్లలో కొట్టుకుపోతుంది. మేడమ్ ఇవాళ రిటైరవుతున్నారు. మే రెండో తారీఖున, అంటే ఎల్లుండి, మా ల్యాబు గది కంప్యూటర్ ల్యాబు అవుతోంది. ఆ గదిలో కిటికీ పక్కన ఆరు గాజు తొట్లున్నాయి, తొట్టికొక కొర్రమీను. వాటి మీద మేడమ్ చేస్తున్న ప్రయోగం నలభై రోజులది. ఇవాళ్టికి ఇరవై తొమ్మిది అయ్యాయి. ఇంకా పదకొండు రోజులు కావాలి. ఆ పదకొండు రోజులు ఇప్పించమని అడగడానికే నేను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాను సార్. ఎందుకు ఇప్పించాలో చెబుతాను, అదంతా విన్నాక మీ ఇష్టం.

ఇక్కడికి రాకముందు నేను ఒక్క చోట కాలు నిలవని మనిషిని. జెరాక్స్ షాపులో రెండు నెలలు, టైర్ల షాపులో ఆరు వారాలు, తరవాత మైత్రీవనం ముందు నిలబడి జావా, ఒరాకిల్ కంప్యూటర్ కోర్సుల పాంప్లెట్లు పంచాను. అమీర్‌పేటలో బస్సు దిగినవాడి చేతిలో వాడికి తెలియకుండానే మూడు పాంప్లెట్లు పెట్టగలిగేవాణ్ణి. ఒకసారి అలాగే మేడమ్ చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, "నేను నేర్చుకోను గానీ, నువ్వెందుకు నేర్చుకోలేదు?" అన్నారు. "కూసుంటే నాకు ఊపిరాడదు మేడమ్" అన్నాను. "ఊపిరాడనివాళ్లే నాకు కావాలి, రేపు పంజాగుట్టలో మా కాలేజీకి వచ్చి కనపడు" అన్నారు. కామెడీ చేస్తున్నారనుకున్నాను. అప్పటికి నాకు కొర్రమీను సంగతి తెలియదు కదా!

మర్నాడు వెళితే తొట్టి ముందు స్టూలు వేశారు. ఒక గంట చూడు, చేప పైకొచ్చి గాలి మింగినప్పుడల్లా ఒక గీత గియ్యి, అంతే పని అన్నారు. ఇద్దరు డిగ్రీ అబ్బాయిలు కూడా ఆ పనికే వచ్చారు. పావుగంటకి నాకు కాళ్లు గుంజాయి. బయటికెళ్లి చాయ్ తాగి వచ్చాను. కాగితం మీద ఆ ముక్క అలాగే రాశాను: "పన్నెండు నిమిషాలు నేను లేను." మా అమ్మీ ఇక్బాల్ బేగం, అదిగో వెనక కుర్చీలో కూర్చుంది, ఆ రోజు ఇంటికెళ్లి చెబితే నెత్తి కొట్టుకుంది. ఉద్యోగం మాత్రం నాకే ఇచ్చారు. డిగ్రీ అబ్బాయిలు కూడా మధ్యలో లేచి వెళ్లారట, కానీ వాళ్ల కాగితాల్లో ఖాళీ లేదు. "చదువుకున్నవాళ్లు ఖాళీ వదలరు మతీనూ, నింపేస్తారు. ఏ అంకె రావాలో నీకు తెలీదు, అందుకే నీ అంకె నాకు కావాలి" అన్నారు మేడమ్. ముందు వరస వాళ్లు ఏమనుకోవద్దు, ఇది ఆవిడ మాట, నాది కాదు. (నవ్వులు)

కొర్రమీను గురించి రెండు ముక్కలు. మామూలు చేపలు నీళ్లలోనే ఊపిరి తీసుకుంటాయి. దీనికి మొప్పలు చాలవు. తలలో, మొప్పల పైన చిన్న అర ఉంటుంది, మనలాగే పైకొచ్చి గాలి మింగి ఆ అరలో నింపుకుంటుంది. అందుకే మన చేపల బజారులో బకెట్లో నాలుగు వేళ్ల నీళ్లుంటే చాలు, పొద్దున్నించి సాయంత్రందాకా బతికి ఉంటుంది. మామూలు నీళ్లలో గంటకి పదో పదకొండో సార్లు పైకొస్తుంది. అదే నీళ్లని ముప్పై నాలుగు డిగ్రీలకి వేడి చేస్తే ఒంట్లో పని పెరుగుతుంది, నీళ్లలో గాలి తగ్గుతుంది, అప్పుడు గంటకి ముప్పైసార్లు. మేడమ్ ప్రశ్న ఒక్కటే: ఆ వేడిలోనే నలభై రోజులు ఉంచితే దాని ఒళ్లు సర్దుకుంటుందా? ముప్పై మళ్లీ దిగుతుందా, దిగితే ఎంతదాకా?

ఈ ప్రయోగం పోయినేడు కూడా చేశారు, చెడిపోయింది. ఎందుకు చెడిందో డిపార్ట్‌మెంట్లో అందరికీ తెలుసనుకుంటున్నారు. "సాయంత్రం పూట నీళ్ల వేడి నేను చూడలేదు, తప్పు నాది" అని మేడమ్ చెప్పారు. ముప్పై ఏళ్ల సర్వీసు, థర్మామీటర్ చూడడం రాలేదని ఏడాది పాటు స్టాఫ్‌రూములో నవ్వుకున్నారు. చాయ్ ట్రే పట్టుకుని నేను అక్కడే నిలబడి విన్నాను. నవ్వినవాళ్ల పేర్లు చెప్పను, ఒకాయనకి ఇప్పుడే పొలమారింది, సార్‌కి ఎవరైనా మంచినీళ్లివ్వండి. (నవ్వులు)

అసలు జరిగింది వేరే.

పోయినేడు ఏప్రిల్ ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆరింట్లో వేడి తొట్లు మూడు, పోల్చి చూడ్డానికి మామూలు నీళ్లవి మూడు. వేడి వాటిలో చేపలు పైకీ కిందకీ, పైకీ కిందకీ, ఒకటే గుటకలు. మా అమ్మీకి ఉబ్బసం. ఆ గుటకలు చూస్తూ నేను కూర్చోలేకపోయాను. ఎనిమిదో రోజు నుంచి, మేడమ్ మూడింటికి క్లాసుకి వెళ్లగానే, గేటు దగ్గర చెరుకురసం బండి కమాల్ భాయ్ దగ్గరికి వెళ్లి ఐసు తెచ్చి ఆ మూడు తొట్లలో వేసేవాణ్ణి.

"ఏం రా మతీన్, రోజూ గింత ఐసు తీస్కపోతున్నవ్, మీ మేడమ్ ఫలూదా దుకాణం పెట్టిందా?" అనేవాడు.

"చేపలకు భాయ్."

"బతికున్న చేపలకా? చచ్చినవాటికి పెడ్తరని తెలుసుగని, గిది కొత్తగుంది!"

మేడమ్ వేడి చూసేది పొద్దున పదింటికి. నేను గీతలు గీసేది సాయంత్రం ఐదింటికి. ఐదింటికి నీళ్లు చల్లగా, చేపలు హాయిగా. అంకె దిగడం మొదలుపెట్టింది, ముప్పై ఒకటి, ఇరవై నాలుగు, పద్దెనిమిది, పదిహేను. మేడమ్ ఆనందం నేను చెప్పలేను. "ఒళ్లు సర్దుకుంది మతీనూ! ఇరవై రోజులకే! దానికెవరు పాఠం చెప్పారు చెప్పు?" అని ల్యాబంతా తిరిగారు. శ్రీనగర్ కాలనీలో ఇంటినుంచి కాకినాడ కాజాలు తెచ్చి అందరికీ పంచారు. మీరందరూ తిన్నారు. నేనూ తిన్నాను. చేప ఏమీ నేర్చుకోలేదని, కమాల్ భాయ్ ఐసు గొప్పతనమని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని కాదు, ఉద్యోగాలు పోవడం నాకు అలవాటే. ఆవిడ ముఖంలో ఆ సంతోషం పోతుందని.

నలభై రోజులయ్యాయి. సైన్సు పత్రికకి పేపరు రాశారు, టైపు చేయించారు, కవర్లో పెట్టి నా చేతికిచ్చి ఖైరతాబాద్ పోస్టాఫీసుకి పంపించారు. లైన్లో నిలబడ్డాను. కౌంటర్లో ఆయన చెయ్యి చాపాడు.

"ఇయ్యి బాబు, తూకం వెయ్యాలె."

"ఇయ్యను సార్."

"ఇయ్యనోనివి లైన్లెందుకు నిలబడ్డవ్?"

"ఫ్యాన్ ఉందని" అన్నాను. (నవ్వులు)

కవరు చొక్కా లోపల పెట్టుకుని ఎర్రమంజిల్ ఎత్తు మీదుగా నడుచుకుంటూ వెనక్కొచ్చాను. మేడమ్ మైక్రోస్కోప్ తుడుచుకుంటున్నారు. "చేప నేర్చుకోలే మేడమ్. నేనే ఐసు వేసిన" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను. కాగితం తీసుకున్నారు.

"ఎంత వేశావు?"

"గింత" అని చేతులతో చూపించాను.

"ఇంత అంటే ఎంత? తూకం చెప్పు."

"తొట్టికి అర కిలో ఉంటది."

"ఎన్నింటికి?"

"మూడింటికి."

"రోజూనా?"

"జుమ్మా నాడు లేదు మేడమ్, కమాల్ భాయ్ బండి పెట్టడు."

అప్పుడు లేచారు. పరుగెత్తినట్టే వెళ్లి నోటుబుక్కు తెచ్చి పేజీలు తిప్పారు. శుక్రవారం ఇరవై తొమ్మిది. మళ్లీ శుక్రవారం ముప్పై. ఆ మధ్య రోజులన్నీ ఇరవై లోపు. "ఎదురుగానే ఉంది కదరా! ప్రతి శుక్రవారం అంకె ఎగురుతూనే ఉంది. నీ ధ్యాస ఎక్కడో ఉండి తప్పు గీశావనుకుని వదిలేశాను. నచ్చిన అంకె వచ్చేసరికి కళ్లు మూసుకున్నాను మతీనూ. ఐసు వేసింది నువ్వే, చూడనిది మాత్రం నేను" అన్నారు.

ఆ పేజీలు చింపలేదు. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి, కింద తారీఖులన్నీ రాసి, "మధ్యాహ్నం మూడు గంటలకు ఐసు వేయబడింది" అని రాశారు. పక్కన కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలా అని కాసేపు ఆలోచించి, "జాలి" అని రాశారు. ఆ కింద ఆవిడ సంతకం, నా సంతకం. మామూలుగా ఆ గడిలో కరెంటు పోయింది, హీటరు కాలింది అని ఉంటుంది. జాలి అని ఉన్న పుస్తకం మన కాలేజీలో అదొక్కటే ఉంది, బీరువాలో, కావాలంటే చూడండి. బయట మాత్రం నా పేరు ఎక్కడా ఎత్తలేదు. సంవత్సరం నుంచి ఆ మాట నా గొంతులో ఉంది, ఇవాళ దించేస్తున్నాను. థర్మామీటర్ చూడడం మా మేడమ్‌కి వచ్చు సార్. ఐసు వేసింది నేను.

(చప్పట్లు)

చప్పట్లు తరవాత కొట్టండి, మనవి మిగిలే ఉంది.

ఈ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలు అయ్యేదాకా గది దొరకలేదు, ఏప్రిల్ రెండున మొదలుపెట్టాం. ఇప్పుడు వేడి నేనే చూస్తున్నాను, రోజుకి నాలుగుసార్లు. కమాల్ భాయ్ ఐసు అమ్మనని ఒట్టేశాడు, ఎండకి మాడి అడిగినా నాకు ఇవ్వడం లేదు. అంకె ముప్పై ఒకటి నుంచి ఇరవై ఆరుకి వచ్చింది. అక్కడ ఆగుతుందా, ఇంకా దిగుతుందా అన్నది ఈ పదకొండు రోజుల్లోనే తేలాలి. తొట్లు వేరే గదికి మార్చమంటున్నారు. మారిస్తే చేప బెదురుతుంది, బెదిరితే ఎక్కువ గాలి మింగుతుంది, ఇరవై తొమ్మిది రోజులూ నీళ్లలో పోసినట్టే. వచ్చే ఏడు చేద్దామంటే మేడమ్‌కి ల్యాబు లేదు. ఒకసారి నేను పోగొట్టాను, రెండోసారి గది పోగొట్టకూడదు.

కంప్యూటర్ల వంశీకృష్ణ సార్ చెయ్యెత్తుతున్నారు. చెప్పండి సార్... "నీళ్ల పక్కన కంప్యూటర్లు ఎలా పెడతాం, రెండో తారీఖున సమ్మర్ బ్యాచ్ అని పాంప్లెట్లు కొట్టించేశాం" అంటున్నారు. తెలుసు సార్, ఆ కట్ట మోసుకొచ్చింది నేనే. వెయ్యి పాంప్లెట్లు. ఒక్కొక్క దాని మీద రెండు కొట్టేసి పద్నాలుగు అని నేను పెన్నుతో రాస్తాను, మైత్రీవనం ముందు నిలబడి నేనే పంచుతాను. బ్యాచ్ నిండకపోతే అప్పుడు నన్ను ఆ తొట్లో పడేయండి. (నవ్వులు)

ప్రిన్సిపాల్ సార్ మైకు అడుగుతున్నారు. తీసుకోండి సార్.

(ప్రిన్సిపాల్: "పద్నాలుగు కాదయ్యా, పదహారు రాయి. తొట్లు తీసి గది ఆరబెట్టుకోవడానికి రెండు రోజులు వద్దూ?" చాలాసేపు చప్పట్లు)

షుక్రియా సార్. బహుత్ బహుత్ షుక్రియా. ఇంకేదో మాట్లాడాలని రాసుకొచ్చాను, కాగితం చేతిలో తడిసిపోయింది. అమ్మీ, ఏడవకు, మస్తు మంచి వార్త ఇది.

మేడమ్, ఒక్క మాట మీకు. కోపం తెచ్చుకోవద్దు. ఈ పదకొండు రోజులు మీరు ల్యాబుకి రావద్దు.

(కలకలం)

నిజంగానే అంటున్నాను. ఏ అంకె రావాలో తెలియనివాణ్ణని మీరు నన్ను పెట్టుకున్నారు. మీ దగ్గర మూడేళ్లు ఉన్నాక నాకిప్పుడు తెలిసిపోయింది, మీకేం కావాలో కూడా తెలిసిపోయింది. మీరు వచ్చి నా వెనక నిలబడ్డారంటే నేను నీళ్ల వంక చూడను మేడమ్, మీ ముఖం వంక చూస్తాను. చేప పైకి రావడం ఆలస్యమైతే మీ ముఖం వెలుగుతుంది, అది చూసి గీత గియ్యాల్సిన నా చెయ్యి ఆగిపోతుంది. ఈసారి వేసేది ఐసు కాకపోవచ్చు, కానీ జాలి జాలే కదా. ఇంట్లో కూర్చోండి, టీవీ చూడండి, జర ఓపిక పట్టండి. పన్నెండో తారీఖు పొద్దున నేనే నోటుబుక్కు తీసుకుని మీ ఇంటికొస్తాను. ఇరవై ఆరు దగ్గరే ఆగితే ఇరవై ఆరే చూపిస్తాను. తిరిగి ముప్పైకి ఎక్కితే ముప్పై చూపిస్తాను. మీకు కాజాలు పంచబుద్ధి కాకపోయినా సరే, అదే చూపిస్తాను. నేను లేచి వెళ్లిన నిమిషాలు ఉంటే అవీ రాసి ఉంటాయి.

సాయంత్రం ఐదింటికి ఇంకా ఏడు నిమిషాలుంది, గీతలు గీసే వేళ. సభ ఆగుతుందేమో గానీ ఆరు చేపల ఊపిరి ఆగదు. ఇంతసేపు ఓపిగ్గా విన్న పెద్దలకి, గది వదిలిన సార్‌కి, కొట్టేసిన తారీఖు చదవబోయే వెయ్యిమందికి నా సలాం. స్టూలు మీద కూర్చోవాలి. సెలవు.