తాత కాలు, మేకపోతు కాలు

"అమ్మమ్మా, తాతకి కాలిరిగినప్పుడు ఎన్ని రోజులకి నడిచిండు?"

మీ తాతనా? కాలు జల్దీనే అతికింది బిడ్డా, మనిషే నడవలే. చెప్త ఆగు. ముందు ఆ పుల్ల తియ్యి. కట్టులోపల పుల్ల పెట్టి గోక్కుంటవేంది? తొందరపడే స్కూటీ మీదికెల్లి పడ్డవ్, ఇప్పుడు కట్టు ఇప్పుకోను గూడ తొందరే.

మీ తాత మంచె మీదికెల్లి పడ్డడు. జొన్నచేనుల చిలకల్ని తోలనీకి ఎక్కిండు. చిలకలకన్న ముందు నిద్రొచ్చింది, దొర్లి కిందపడ్డడు. కట్టు కట్టే పాపయ్యని పిలిపిస్తిమి. అడవి పక్క గూడెం ఆయనది. కాలు పట్టి చూసి, "ఇరగడమంటే అన్నీ ఒక్క తీరు కాదక్కా" అన్నడు. పసిపిల్లలది పచ్చికొమ్మ లెక్కనంట, ఒకపక్క చిట్లి వంగుతదంట. ముసలోళ్ళది ఎండుకట్టె, జారి కూసున్నా ఫట్‌మంటది. కొందరికి సన్న బీట పడి ఊకుంటది. ఎముక తోలు చించుకొని బయటికొస్తే మాత్రం పాపయ్య ముట్టడు, భద్రాచలం దవాఖానకి తీస్కపొమ్మంటడు. మీ తాతది అడ్డంగ ఇరిగింది గని ముక్కలు పక్కకి జరగలే. ఆ ఎముకకి గూడ ఆయన లెక్కనే కదలబుద్ధి గాలేదనుకో.

నాకేమో గుబులు. దున్నేది ఆయన, మీ అమ్మ ఇంకా నా చంకల ఉన్నది. ముత్యాలమ్మకి మొక్కిన. తల్లీ, మా ఆయన తన కాళ్ళతోని నడిచి నీ గద్దె కాడికొస్తే మా మేకపోతునిస్త అని.

మొక్కిన్నో లేదో, ఆ పోతు దడి దుంకి ముందుకాలు ఇరగ్గొట్టుకున్నది. అవిటి జీవం తల్లికి పనికిరాదు గద. మల్ల పాపయ్యే వచ్చిండు. ఇద్దరికీ వెదురు బద్దలే, ఇద్దరికీ నా పాత చీర పీలికలే. ఒకే పందిరి కింద ఇద్దరు. ఈయన గంజి తాగితే దానికింత, అది ఆకు మేస్తే ఈయనకింత... లే, ఆకు తినలే, అబద్ధమెందుకు. పోతుకి చిన్నోడా అని పేరు గూడ పెట్టిండు మీ తాత.

ఎముక ఎట్ల అతుకుతదో ఎరుకేనా? నెత్తురు గడ్డ కడ్తది, ఆనక తుమ్మబంక లెక్క మెత్తగ పట్టుకుంటది. బంక పచ్చిగున్నప్పుడు కాలేస్తే వంకర పోతది. ఆగితే గట్టిపడి, వెదురు కణుపు లెక్క ముడి లేస్తది. ఆ ముడి గూడ నిమ్మళంగ సాపైతది. నీ డాక్టరమ్మ గూడ గదే చెప్పింది గద, ఫోటోల చూపిచ్చి.

లేత జీవం గద, పోతు ముందు లేచింది. మీ తాత లేవలే. ఎప్పుడడిగినా "అబ్బా, సలుపుతున్నదే" అంటడు. ఓ పొద్దు కలుపు కాడికెల్లి ముందుగాలనే ఇంటికొచ్చిన. దడి సందులకెల్లి చూస్తే మీ తాత రెండు కాళ్ళ మీద నిలబడి పోతుకి తుమ్మకాయలు రాలగొడ్తుండు. నా అలికిడి ఇని మంచంల పడ్డడు. ఆ పోతు గూడ కాలెత్తుకొని కుంటింది. నవ్వకు, ఒట్టు.

"ఏందయ్యా ఇది?" అన్న.

"నేను నడిస్తే వాడు పోతడే" అన్నడు. కళ్ళల్ల నీళ్ళు.

కోపమొచ్చింది, జాలి గూడ అయింది. అవ్, నా భయం నాది. మొక్కు తప్పితే తల్లి రెండో కాలు ఇరగ్గొడ్తదని. పొద్దంత ఆలోచన జేసి అన్న, "నేను మొక్కిందేంది? నువ్వు నడిచి గద్దె కాడికి పోతేనే గద. చేనుకి నడువు, చండ్రుగొండ సంత దాక నడువు. తల్లి కాడికి మాత్రం నడవకు."

అంతే. ఏటేటా జాతరకి ఊరంత నడిచిపోతుంటే మీ తాత ఎడ్లబండి మీద. ఆనక ట్రాక్టర్ మీద. గద్దె ముందు గూడ దిగడు, బండి మీదికెల్లే దండం. ఊరోళ్ళు నవ్వేటోళ్ళు, అడవంత తిరిగేటోడికి ఈడికే కాళ్ళు రావని. పోతు మంచిగ ముసలిదైంది, పండ్లు గూడ ఊడినయ్.

ఓ పొద్దు పందిరి కిందనే పానం ఇడిసింది. ఆ ఏడు జాతరకి బండి కడితే మీ తాత ఎక్కలే. చెప్పులు ఇడిసి నడిచిండు. గద్దె కాడ నిలబడి, "తల్లీ, నడిచొచ్చిన, వాడు లేడు" అని ఏడ్చిండు. నాకు గూడ ఏడుపొచ్చింది. కొబ్బరికాయ కొట్టిన. తల్లి ఏమనుకున్నదో గని రెండో కాలు జోలికి రాలే.

నీకా? నీకు గూడ మొక్కిన. కొబ్బరికాయేలే, భయపడకు. దానికి కాళ్ళుండయ్, నువ్వు పేరు పెట్టలేవ్. నీ బంక ఇంకా పచ్చిగనే ఉన్నదంట, డాక్టరమ్మ చెప్పిన్నాడే లేద్దువు. చల్లగుండు బిడ్డా, నూరేండ్లు నీ కాళ్ళ మీద నువ్వు నడువు... మల్ల గోకుతున్నవ్. ఆ పుల్ల ఇటియ్యి.