సెవెరో దిగిన దీవి

ఏమే ఒలాయా, గుడికిచ్చే చీటీ రాశావా? చదువు, వింటాను. ఆఁ, మీ తాత... మా అమ్మ... పురిట్లో పోయిన బిడ్డ... సరే. రేపు చనిపోయినవాళ్ల పండగకి ఫాదరు ఆ పేర్లన్నీ చదువుతాడు. ఒక్క పేరు తప్పినా ఆ ఆత్మ మరో ఏడాది, పాపాలు కాలితేగానీ స్వర్గానికి వదలని ఆ ఉత్తరించు స్థలంలో మండుతూనే ఉంటుందంటారు, జాగ్రత్త. ఎవరూ? మా అన్నయ్య సెవెరోనా? వద్దు, అది రాయకు. అంటే... కాసేపు ఆగు. ఆ చెస్ట్‌నట్ కాయలిలా జరుపు, ఒలుస్తాను. చేతులు ఊరికే ఉండనంటున్నాయి.

అన్నయ్యకి ఇరవై రెండేళ్లు, నాకు తొమ్మిది. మూడేళ్లు వాన లేదు. కొండమీది ఫెర్ను వేళ్లు తవ్వి, దంచి, ఆ పిండే తిన్నాం. గాలి పడిపోయిన పొద్దుటిపూట మన లా పాల్మా దీవికి పడమటన, నీళ్లమీద సాన్ బొరొందోన్ దీవి తేలేది. మబ్బంటావు నువ్వు. మాకు రెండు కొండలూ, మధ్యన పచ్చటి లోయా కనిపించేవి. ఆదాము అవ్వల తోట అదేననీ, అక్కడివాళ్లకి ముసలితనం రాదనీ మా అమ్మమ్మ చెప్పేది. ఒకరోజు అన్నయ్య అక్కడికే వెళ్తానని పడవ తోస్తుంటే అమ్మ వచ్చి కాళ్లకి అడ్డంపడింది. "దేవుడు తలుపేసిన తోటరా అది, వెళ్లకు నాయనా!" అన్నయ్య నవ్వాడు. "తలుపేసినవాడు కనిపించకుండా దాచుకోవాలమ్మా. ఆకలిగా ఉన్నవాడికి కుండ మూత తీసి చూపించి, మళ్లీ మూసేస్తాడా?"

అమ్మకి దూరం ఆనదు. నన్ను కొండకొమ్మున నిలబెట్టి, "ఏం కనిపిస్తోందే, ఏం కనిపిస్తోందే" అని నా భుజం నలిపేసింది. ఏముందీ, తెరచాప చిన్నదైంది. దీవి కిందినుంచి కరగడం మొదలెట్టింది. కాసేపటికి దీవీ లేదు, తెరచాపా లేదు. నేనేమో... "దిగాడమ్మా, ఇసుకలో నడుస్తున్నాడు" అన్నాను. అంతదూరంలో ఇసుక ఎవరికి కనిపిస్తుందే? అమ్మ నమ్మింది. ఏటా ఫాదరు చీటీకి అన్నయ్య పేరడిగితే కయ్యానికి దిగేది, "బతికున్నవాడికి ఆత్మల పూజేమిటయ్యా? తోటలోంచి ఈడ్చుకొస్తారా?" అని. ఏటా అన్నయ్యకి ఒక చొక్కా కుట్టేది, అదే కొలతకి. వయసు పెరగదు కదా!

అమ్మ పోయాకైనా ఇవ్వాల్సింది ఆ పేరు. ఇవ్వలేదు. అన్నయ్య నిజంగా దిగే ఉంటే? అదే ఇరవై రెండేళ్ల మొహంతో రేపు రేవులోకి వస్తే, గుర్తుపట్టేదాన్ని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే మిగిలాను. దిగకపోతే మటుకు... అరవై ఎనిమిదేళ్లే ఒలాయా. నేనాడిన ఒక్క మాటకి అరవై ఎనిమిదేళ్లు ఒక్క పూజ లేకుండా ఆ మంటల్లో. అమ్మ పైకి వెళ్లి ఎంత వెతికిందో!

అలా చూడకు. సరే, రాయి. సెవెరో అని రాయి. అబ్బే, అమ్మ పేరు పక్కన వద్దు, అట్టడుగున రాయి. ఆ రోజు నాకేమీ కనిపించలేదని ఆవిడకి నేనింకా చెప్పలేదే... మేక అరుస్తోంది, ఎవరైనా నీళ్లు పెట్టారా దానికి?